తుఫాను పాఠం ఎవరికి గుర్తుంటుంది: ఆఫీసుకా, మనుషులకా?
(ఇది ఆన్‌లైన్ చర్చ. ప్రతి పోస్టు పైన రాసినవారి మారుపేరు ఉంది.)

ఉప్పుటేరు
సంస్థలు నిజంగా నేర్చుకుంటాయా, లేక తెలిసిన మనుషులు ఉన్నంతకాలమే ఆ తెలివి ఉంటుందా? మన తీరం సంగతే తీసుకుందాం. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారని అధికారిక లెక్క. 1990 మే 9న అంత భీకరమైన తుఫానే మళ్లీ కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి వచ్చింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే.

ఈ మధ్యలో ఊళ్లలో పాలన పద్ధతే మారిపోయింది. 1984లో ఊరి పాలన చూసే కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. అంటే 1977లో ఊరి భారం మోసినవాళ్లు 1990లో ఆ కుర్చీల్లో లేరు. అయినా పని ఎంతో మెరుగ్గా జరిగింది. జ్ఞాపకం మనుషుల్లోనే ఉండేదైతే ఇది సాధ్యమయ్యేదా? అందుకే సంస్థ నేర్చుకుందనే నేను అంటాను.

మబ్బుచూపు
నేర్చుకుంది అనడం తొందరపాటు. 1977లో లేని కళ్లు 1990లో ఉన్నాయి, అంతే. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం అంతరిక్షంలోకి వెళ్లింది. తుఫాను బంగాళాఖాతంలో ఉండగానే ఎటు కదులుతోందో కనిపించింది. తీర గ్రామాల్లో ఉపగ్రహం ద్వారా నేరుగా హెచ్చరిక అందుకునే పరికరాలు కూడా పెట్టారు. పైగా ఆ తుఫాను తీరం చేరడానికి కొన్ని రోజులు తీసుకుంది. అంత టైం దొరికితే ఏ ప్రభుత్వమైనా లారీలు పెడుతుంది.

నేర్చుకుంటే 1996 ఎందుకు అలా అయింది? నవంబర్ 6 సాయంత్రం ఇంకో తుఫాను కాకినాడ, కోనసీమ వైపు విరుచుకుపడింది. చిన్నగా, చురుగ్గా ఉన్న తుఫాను. వెయ్యి మందికి దగ్గరగా చనిపోయారు, వెయ్యి మందికి పైగా ఆచూకీ లేకుండా పోయారు.

ఉప్పుటేరు
కళ్లు ఉంటే చాలదండీ. 1977లో కూడా తుఫాను వస్తోందని హెచ్చరిక ఉంది. దివిసీమలోని సొర్లగొందిలోనో హంసలదీవిలోనో ఉన్న మనిషి అది విని ఎటు పోవాలి? ఎక్కడికి, ఎవరి బండిలో, వెళ్లాక అన్నం ఎవరు పెడతారు? వీటికి ముందే జవాబు ఉండటాన్నే నేర్చుకోవడం అంటున్నాను. 1996 గురించి మీరన్నదానికి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు.

పాత గుమాస్తా
నేను 1988లో రెవెన్యూలో చేరాను. 1990 మేలో ఊరూరా తిరిగి జనాన్ని లారీలెక్కించిన వాళ్లలో ఒకడిని. ఒక ఊళ్లో పెద్దాయన కదలనన్నాడు. గేదెలున్నాయి, వాటినెవరు చూస్తారని. మేం ఎంత చెప్పినా వినలేదు. పక్కింటి ముసలమ్మ వచ్చి, "ఉప్పెనలో నా ఇద్దరు పిల్లలు పోయారు, నువ్వు గేదెల గురించి మాట్లాడుతున్నావా?" అంది. ఆయన తాళ్లు విప్పి గేదెల్ని వదిలేసి లారీ ఎక్కాడు. ఆరోజు మా ఆఫీసు తెలివి పనిచేసిందా, ఆ ముసలమ్మ తెలివా? నాకు ఇప్పటికీ ఆవిడే కనిపిస్తుంది.

తుఫాను వెళ్లాక నేనే కూర్చుని రాశాను. ఏ ఊరికి ఎన్ని లారీలు పట్టాయి, ఏ దారి ముందు మునిగింది, స్కూలు తాళం ఎవరి దగ్గరుంది, గేదెల్ని ఎప్పుడు విప్పించాలి. నాలుగు పేజీలు. ఫైల్లో పెట్టాం. తర్వాత ఆఫీసర్లు మారారు. ఏడేళ్లకు బీరువా మారుస్తుంటే అది దొరికింది. చెదలు తినేశాయి. ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు. నాకు కోపం కన్నా బాధ ఎక్కువైంది.

వేట ఊరు
1996 గురించి నేను చెబుతాను. మాది గోదావరి వైపు, గంగపుత్రుల కుటుంబం. మా చిన్నాన్న ఆరోజు వేటలో ఉన్నాడు. తిరిగి రాలేదు.

లారీలు, షెల్టర్లు, స్కూళ్లు అన్నీ నేల మీద ఉన్నవాళ్ల కోసం. ఉప్పెన వస్తే ఊరు ఖాళీ చేయించడం సర్కారుకు వచ్చింది, నిజమే. అప్పటికే బోటులో సముద్రం మీద ఉన్నవాడికి కబురెలా చేరుతుంది? ఆ ప్రశ్నకు దివిసీమ పాఠంలో జవాబు లేదు. పోయిన తుఫానును ఎదుర్కోవడం నేర్చుకున్నారు, వచ్చే తుఫాను ఇంకోలా వచ్చింది.

మబ్బుచూపు
మీ చిన్నాన్న గారి సంగతి విని బాధగా ఉందండీ. నా మాట కొంత సరిచేసుకుంటాను. 1999 ఒడిశా మహా తుఫాను ఏడాదే వాతావరణ శాఖ హెచ్చరికలను నాలుగు దశలు చేసింది. మూడు రోజుల ముందే మొదటిది వస్తుంది. దాన్ని ఉపగ్రహం రాయలేదు, మనుషులు కూర్చుని రాశారు. వాళ్లు రిటైరైనా అది నడుస్తోంది. ఒడిశా అదే ఏడాది చివర్లో విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టుకుంది. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. దీన్ని నేర్చుకోవడం కాదనలేను.

గాజువాక
హుద్‌హుద్ తుఫానును కూడా కలపండి. 2014 అక్టోబర్ 12న విశాఖలో కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. తర్వాతే నగరంలో కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. ఆఫీసర్ మారితే కేబుల్ బయటికి రాదు కదా!

ఉప్పుటేరు
గుమాస్తా గారి బీరువా, గాజువాక గారి కేబుల్ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. బడ్జెట్ అయి, కట్టడం అయి, రోజూ వాడే పద్ధతి అయిన పాఠం నిలిచింది. కాగితం మీద ఉన్నది చెదల పాలైంది. గుమాస్తా గారూ, ఆ నాలుగు పేజీలు ఏడాదికోసారి ఎవరైనా చదివి, ఊళ్లో ఒక్కపూట ఆ ప్రకారం నడిచి చూసి ఉంటే బతికేవేమో. ఎవరు చదవాలన్నది మాత్రం ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు. నా మొదటి పోస్టులో ఈ సంగతి వదిలేశాను.

వేట ఊరు
మా ఊళ్లో షెల్టర్ ఉంది. దాని తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలియదని ఇది చదువుతుంటే తట్టింది. మా అమ్మనడిగాను, ఆవిడకూ తెలియదు. రేపు పొద్దున వేట బోట్లు ఒడ్డుకు వచ్చేసరికి వెళ్లి అడుగుతాను. తెలిశాక ఇక్కడే రాస్తాను.