నర్సింగ్ చదువుకు కమ్యూనిటీ కాలేజీతో మొదలుపెట్టాలా, నేరుగా నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ అయిన బీఎస్‌ఎన్‌కే వెళ్లాలా?

గోదారిగట్టు:
మా చెల్లెలు డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటోంది. కాకినాడలో బీకామ్ చదివి, పెళ్లయ్యాక అమెరికా వచ్చింది. గ్రీన్‌కార్డు ఈమధ్యే చేతికందింది, పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. ఈ దేశంలో ఇంతవరకూ తరగతి గదిలో అడుగుపెట్టని మనిషి ఇప్పుడు నర్సు కావాలని గట్టిగా నిశ్చయించుకుంది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో చదివించే స్థానిక ప్రభుత్వ కాలేజీ) అయిన కాలిన్ కాలేజీలో ఆగస్టులో చేరి, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, అంటే ఏడీఎన్ చేయాలన్నది తన ఆలోచన. మా మరిదిగారు మాత్రం, డిగ్రీ ఉన్నవాళ్ల కోసం విశ్వవిద్యాలయాలు ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే బీఎస్‌ఎన్ నడుపుతున్నప్పుడు చిన్న డిగ్రీ దేనికని అంటున్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

మూసీతీరం:
మీ మరిదిగారి మాటే నాకు సబబుగా తోస్తోంది. 1951లో తన పరిశోధన గ్రంథంలో రెండేళ్ల నర్సింగ్ చదువును ప్రతిపాదించిన మిల్‌డ్రెడ్ మాంటాగ్ కూడా, అలా చదివినవారు పూర్తి స్థాయి నర్సు కింద పనిచేసే సాంకేతిక సహాయకులుగా ఉంటారనే ఊహించారు. 1965లోనే అమెరికన్ నర్సుల సంఘం వృత్తిలో ప్రవేశానికి బ్యాచిలర్ డిగ్రీ ఉండాలని ప్రకటించింది. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ప్రకారం కొత్తగా లైసెన్సు పొందినవారు పదేళ్లలోగా బీఎస్‌ఎన్ పూర్తిచేయాలి. పెద్ద నగరాల్లోని ఆసుపత్రులు చాలావరకు బీఎస్‌ఎన్ ఉన్నవారికే ముందుగా పిలుపు ఇస్తాయి. ఎలాగూ చేయక తప్పని డిగ్రీని రెండు విడతలుగా చేయడంవల్ల ముప్పైల్లో ఉన్న తల్లికి పోయేది కాలమే కదా.

నల్లమల:
నేను కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ చేసి, ఉద్యోగంలో చేరాక బీఎస్‌ఎన్ పూర్తిచేసిన నర్సును. మూసీతీరం గారు చెప్పిన చరిత్ర నిజమే, కానీ అది అక్కడితో ఆగలేదు. 1952లో ఆ ప్రయోగం కాలేజీల్లో మొదలైనప్పటినుంచీ అందులో చదివినవారు మిగతా నర్సులు రాసే లైసెన్సు పరీక్షే రాస్తూ వచ్చారు. నేటికీ ఏడీఎన్‌కూ బీఎస్‌ఎన్‌కూ ఎన్‌క్లెక్స్ అనే ఆ లైసెన్సు పరీక్ష ఒక్కటే, చేతికొచ్చే రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్సూ ఒక్కటే. బీఎస్‌ఎన్‌ను తప్పనిసరి చేసిన నార్త్ డకోటా సైతం 2003లో ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది.

అసలు విషయం మరొకటుంది. ఏ దారిలో వెళ్లినా అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్ రచన, సైకాలజీ వంటి కోర్సులు ముందుగా పూర్తిచేయాలి. బీకామ్‌లో ఈ సైన్సు ఏదీ ఉండదు కాబట్టి, ఏడాదిన్నర బీఎస్‌ఎన్ అని మీ మరిదిగారు లెక్కవేసిన కాలానికి ముందు దాదాపు ఏడాది చదువు ఉండనే ఉంది, దాన్ని తక్కువ ఖర్చుతో ముగించే చోటు కమ్యూనిటీ కాలేజీయే. అంటే ఆగస్టులో అక్కడ చేరడంవల్ల ఏ దారీ మూసుకుపోదు. ఏడీఎన్‌కా, బీఎస్‌ఎన్‌కా అన్నది మార్కులు చూసుకుని వచ్చే ఏడాది తేల్చుకోవచ్చు.

ఆ మార్కులు తేలిగ్గా రావని కూడా చెప్పాలి. అనాటమీ ప్రయోగ పరీక్షలో బల్లలమీద ఎముకలు వరుసగా పేర్చి, ఒక్కోదానికి సూదో రంగు చుక్కో పెడతారు. కణత ఎముకలోని చిన్న రంధ్రాన్ని చూపితే దాని పేరు స్పెల్లింగు తప్పకుండా రాసి, గంట మోగగానే పక్క బల్లకు జరగాలి. చాలా ఏళ్ల తర్వాత పుస్తకం పట్టేవారు మొదటి సెమిస్టరులో అనాటమీతోపాటు మరో సైన్సు తీసుకోకపోవడమే మంచిది. సీటు ఇచ్చేటప్పుడు చాలా కాలేజీలు ఈ సైన్సు గ్రేడ్లకూ, టీస్ లేదా హెసీ ప్రవేశ పరీక్షకూ పాయింట్లు వేస్తాయి, అక్కడ ఒక్క సీ గ్రేడు చాలా దూరం వెనక్కి నెడుతుంది.

మూసీతీరం:
ముందస్తు కోర్సులు రెండు దారులకూ ఉమ్మడివన్న మాట ఒప్పుకుంటున్నాను. అయినా ఏడీఎన్ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. సైన్సు కోర్సులు ఐదేళ్లకో ఏడేళ్లకో చెల్లకుండా పోయే కాలేజీలు కూడా ఉన్నాయి కనుక సీటు కోసం ఊరికే ఎదురుచూడకుండా రెండుచోట్లా దరఖాస్తు చేయమనే నా సలహా.

కొల్లేరు:
ఇద్దరూ డిగ్రీ గురించే మాట్లాడుతున్నారు, పని గురించి ఎవరూ అడగడం లేదు. ముందు సీఎన్‌ఏ, అంటే నర్సుల కింద రోగులను చూసుకునే సహాయకుల శిక్షణ తీసుకోమనండి. కేంద్ర నిబంధన ప్రకారం కనీసం 75 గంటలు, టెక్సస్‌లో 100 గంటలు. కదలలేని ముసలివారిని రెండేసి గంటలకు పక్కకు తిప్పి, మడమల కింద దిండు పెట్టి, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడటం, మలమూత్రాలు శుభ్రం చేయడం ఆ కొద్ది వారాల్లోనే చేతికి వస్తాయి. మన ఇళ్లలో ఈ పనిని చిన్నచూపు చూసేవాళ్లకు కొదవలేదు, కాని నర్సు రోజులో అది పెద్ద భాగం. అది ఇష్టంగా చేయగలిగితే ఏ డిగ్రీ అన్నది తర్వాత తేలుతుంది.

గోదారిగట్టు:
కొల్లేరు గారి మాట మా చెల్లెలికి బాగా నచ్చింది, ఈ వేసవిలోనే సీఎన్‌ఏ చేస్తానంటోంది. ఫీజుకు కేంద్ర ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

నల్లమల:
గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి కేంద్ర సాయానికి పెట్టే దరఖాస్తు, ఫాఫ్సా నింపవచ్చు. అయితే తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటు బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి ఇవ్వరు, విదేశీ డిగ్రీ అయినా అంతే. ఇక్కడే మూడేళ్ల బీకామ్ మెలిక పెడుతుంది. విదేశీ డిగ్రీలకు విలువకట్టే మూల్యాంకన సంస్థల్లో కొన్ని దాన్ని అమెరికా బ్యాచిలర్‌తో సమానంగా లెక్కిస్తాయి, కొన్ని లెక్కించవు. సమానమని తేలితే ఏడాదిన్నరలో ముగిసే ఆ బీఎస్‌ఎన్‌కు అర్హత వస్తుంది, గ్రాంటు పోతుంది. సమానం కాదని కాగితం వస్తే గ్రాంటుకు అవకాశం ఉంటుంది, ఆ బీఎస్‌ఎన్ తలుపు మూసుకుంటుంది. అప్పుడు ఏడీఎన్, దానిపై బీఎస్‌ఎన్ అన్నదే వరుస. 2017 చట్టం తర్వాత టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలు కూడా ఆర్‌ఎన్‌లకు బీఎస్‌ఎన్ ఇవ్వగలుగుతున్నాయి, కాలిన్‌లోనూ అది ఉంది. కనుక మీ మరిదిగారితో వాదన ముగించడానికి ముందు మూల్యాంకన ఫలితం తెప్పించి, కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయంలో చూపించండి.

ఇది చదివే, భర్త ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్4 వీసా చెల్లెళ్లకు ఒక మాట. ఆ వీసాపై చదువుకోవచ్చు, కాని ఫాఫ్సా సాయం ఉండదు. పనిచేసేందుకు అనుమతి పత్రం (ఈఏడీ) లేనిదే సీఎన్‌ఏగా కూడా జీతానికి పనిచేయకూడదు. ఫీజు కట్టేముందే లైసెన్సు దరఖాస్తుకు సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా అని మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డును రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.