రొనాల్డ్ రాస్ పద్యంలో ‘ముల్లు’ ఎవరిది?

సికింద్రాబాద్ చదువరి:
1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి కనబడిన సంబరంలో వైద్యుడు రాస్ ఇంగ్లీషులో రాసుకున్న పద్యం అందరికీ తెలిసిందే. ‘లక్షలమందిని చంపే మృత్యువా, నీ బీజాలు కనుగొన్నాను, ఈ చిన్న సంగతి ఎందరినో కాపాడుతుంది’ అంటాడు. దాని చివరి రెండు పాదాలు వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ‘మరణమా, నీ ముల్లెక్కడ?’ అన్న అర్థంలో ముగుస్తుంది. ఆ ముల్లు దోమ కాటేనా, లేక ఇంకేమైనా ఉందా? తెలుగులో చెప్పేటప్పుడు ‘కాటు’ అనాలా, ‘కొండి’ అనాలా?

మునికోల:
అది రాస్ సొంత మాట కాదండీ. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 15వ అధ్యాయం. మన తెలుగు బైబిలులో ‘ముల్లు’ అనే ఉంది. గ్రీకు మూలంలో కెంత్రోన్. అపొస్తలుల కార్యములలో ‘మునికోలలకు ఎదురు తన్నుట’ అన్నచోట ఉన్నదీ ఆ కెంత్రోనే. తేలు కొండికీ, ఎద్దును అదిలించే ములుకోలకూ వాళ్లకు మాట ఒక్కటే. వృత్తలేఖిని ముల్లు గుచ్చిన బిందువుకూ అదే పేరు. మన జ్యోతిష గ్రంథాల్లోకి వచ్చి ‘కేంద్రం’ అయింది. అందుచేత ‘కాటు’ అంటే సగం అర్థం పోతుంది.

పాత స్టెతస్కోపు:
కాటు కాదనడానికి నా కారణం వేరు. 1897 ఆగస్టు నాటికి దోమ కుట్టడం వల్లనే జబ్బు వస్తుందని రాస్ చేతిలో రుజువు లేదు. ఆయన గురువు మాన్సన్ ఊహ ప్రకారం దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది. 1895లో ఇదే సికింద్రాబాదులో రాస్ దోమలు చచ్చిన నీళ్లు మనుషుల చేత తాగించి చూశాడు కూడా. 1898లో కలకత్తాలో, పిచ్చుకల మీద చేసిన పరిశోధనలో, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశాకే కాటు సంగతి తేలింది. మనుషుల మలేరియాను తీసుకొని పరాన్నజీవి జీవనచక్రాన్ని పూర్తిగా చూపింది ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివారు. 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే వచ్చింది. కాబట్టి పద్యం రాసేనాటికి ఆ ముల్లు దోమది కావడానికి వీల్లేదు.

సికింద్రాబాద్ చదువరి:
డాక్టరు గారూ, రుజువు లేకపోవచ్చు, అనుమానం ఉండకూడదా? హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చిన మనిషి ఆయన. రోజంతా కాటు చూస్తూ కూర్చున్నవాడికి, పద్యంలో ఆ మాట రాసేటప్పుడు దోమ తలపుకు రాలేదంటే నేను ఒప్పుకోను.

పాత స్టెతస్కోపు:
తలపుకు రావడం వేరు, పద్యంలో ఉండడం వేరు. ఆయన కనుగొన్నానని చెప్పుకున్నది మృత్యువు ‘బీజాలను’. సూక్ష్మదర్శిని కింద దోమ జీర్ణాశయపు గోడలో కనబడిన గుండ్రటి కణాలు, వాటిలో నల్లని రంగు రేణువులు. మరునాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. విత్తనం ఊరడం కళ్లారా చూసినవాడి మాట అది. పద్యం మొత్తానికి కీలకం ఆ మాటే, ముల్లు కాదు.

తేటగీతి:
అసలు చిక్కు ఇంకా పైన ఉంది. మృత్యువుకు ఆయన పెట్టిన విశేషణం ‘మిలియన్ మర్డరింగ్’. ‘లక్షలాది’ అంటే వార్తాపత్రిక వాక్యమవుతుంది. పది లక్షలకు మనకు ‘ప్రయుతం’ అనే చక్కటి మాట ఉంది. నా తేటగీతి పాదం చూడండి:

ప్రయుతజనముల నేటేట బలిగొనియెడి

గణాలు న, నల, త, న, న. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం, ఇక్కడ ప్ర–బ వర్గయతి. తరువాతి పాదం ‘మృత్యువా’ అని ఎత్తుకుంటే సరిపోతుంది.

మునికోల:
పాదం బాగుంది. కానీ పది లక్షలు నియుతం కదండీ? మా ఇంట్లో పెద్దలు వల్లించిన వరసలో అంతే.

తేటగీతి:
కాదు. ఆర్యభటీయం గణితపాదంలో అయుతం, నియుతం, ప్రయుతం, కోటి అని వరస. నియుతం లక్ష, ప్రయుతం పది లక్షలు. తైత్తిరీయ సంహితలోనూ నియుతం తరువాతే ప్రయుతం. పైగా నా పాదంలో ‘ని’ పెడితే యతి చెడుతుంది.

మునికోల:
కాఠక సంహితలో ఆ రెండూ తారుమారుగా ఉన్నాయి. వేదశాఖలే ఒప్పుకోనిదాన్ని యతి తేల్చలేదు.

పాత స్టెతస్కోపు:
చివరి చరణంలో ‘మిరియడ్’ కూడా ఉంది, మరిచిపోకండి. గ్రీకులో అది పదివేలు, అంటే మన అయుతం. చచ్చేవారి లెక్క ప్రయుతం, బతికేవారి లెక్క అయుతం అంటే ఆ వైద్యుడికి అన్యాయం చేసినట్లు. అక్కడ ‘అసంఖ్యాకులు’ అనే తీసుకోవాలి.

శ్మశానవాటి అభిమాని:
మృత్యువుతో ముఖాముఖి మాట్లాడే పద్యమంటే జాషువా తరువాతే ఎవరైనా. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి ఆయన ‘శ్మశానవాటి’ పద్యాల కోసమే జనం కదలకుండా కూర్చునేవారు. ఆయన మృత్యువును తిట్టడు, సవాలు చేయడు. రాజునూ పేదనూ పక్కపక్కన పడుకోబెట్టి చూపిస్తాడు. రాస్ పద్యంలో గెలిచినవాడి గొంతు ఉంది, జాషువాలో ఓడినవాళ్లందరి తరఫు గొంతు ఉంది. ఈ పద్యం ఆయన చేతిలో పడి ఉంటే సీసపద్యమే ఎత్తుకునేవాడని నా నమ్మకం. తేటగీతి దానికి చాలదు.

తేటగీతి:
సీసం కింద గీతం ఎలాగూ ఉండాలి కదండీ. నా పాదానికి అక్కడ చోటుంది. కలకత్తా ఆసుపత్రి దగ్గర 1927లో రాస్ స్వయంగా ఆవిష్కరించిన స్మారక ద్వారం మీద ఆయన పంక్తులు చెక్కి ఉన్నాయి. కనుగొన్న ఊరు మనది. ఇక్కడ తెలుగు పద్యం లేకపోవడం నాకు బాధగా ఉంది.

మునికోల:
ఆ బాధ నాకూ ఉంది, అందుకే రాత్రి కూర్చుని కట్టాను:

నియుతజనముల నేటేట నేలగూల్చు

ని–నే యతి చక్కగా సరిపోయింది. న, నల, త, హ, హ. ఇక మీరు యతిని సాక్ష్యానికి పిలవకండి.

తేటగీతి:
యతి ఒప్పుకున్నాను. ‘నేలగూల్చు’ ఒప్పుకోను. నేలకూలడం యుద్ధంలో. చలిజ్వరం మనిషిని రోజు విడిచి రోజు వణికించి, మంచాన పడేసి, నెలల తరబడి తోడేస్తుంది. ‘బలిగొను’లో ఆ వ్యవధి ఉంది. నియుతం ఉంచుకోండి, క్రియ మార్చండి.