కొనేవాళ్లకి సాయం చేయాలా, ప్రభుత్వమే అద్దె ఇళ్లు కట్టాలా?
(నలుగురి మధ్య చర్చ. ప్రతి మాటకీ పైన ఉన్నది ఆ రాసినవాళ్ల మారుపేరు.)

మూడో అంతస్తు
ఇల్లు అందుబాటులోకి రావాలంటే కొనేవాళ్లకి డౌన్ పేమెంట్‌లో కొంత, వడ్డీలో కొంత ప్రభుత్వం ఇవ్వాలని చాలామంది అంటారు. నాకు ఆ దారి మీద నమ్మకం పోయింది. అమ్మకానికి పది ఇళ్లుండి, కొనాలని ఇరవై మంది నిలబడ్డారనుకోండి. అందరి చేతిలో ఇంకాస్త డబ్బు పెడితే ఇళ్లు పదే ఉంటాయి, రేటు పెరుగుతుంది. సాయం కొనేవాళ్ల పేరు మీద, డబ్బు అమ్మేవాళ్ల జేబులోకి.

ఆ డబ్బుతో ప్రభుత్వమే ఇళ్లు కట్టి, ఎన్నటికీ అమ్మకుండా, తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఆస్ట్రియా రాజధాని వియన్నా ఆ పనే చేసింది. 1923లో ఇళ్ల మీద పన్ను వేశారు. ఖరీదైన ఇంటికి చాలా ఎక్కువ, చిన్న ఇంటికి నామమాత్రం. దాంతో కట్టడం మొదలుపెట్టి, ఇప్పటికీ సుమారు 2,20,000 ఫ్లాట్లు నగరం చేతిలోనే ఉంచుకున్నారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే పెద్ద ఇళ్ల సముదాయంలో నేటికీ కుటుంబాలు అద్దెకుంటున్నాయి.

కిస్తీల మనిషి
అద్దె ఎంత తక్కువైనా అద్దె ఇల్లు అద్దె ఇల్లే అండీ. పదకొండేళ్లలో ఐదు ఇళ్లు మారాను. చివరి ఇంట్లో బాత్రూం గోడకి చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతుంటే రెండు నెలలు ఫోన్లు చేశాను. ఓనర్ వచ్చి చూసి వెళ్లారు. తర్వాతి వారం, "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అన్నారు. మంచం విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. ఆ బోల్టుల మరలు అరిగిపోయి, ఇప్పటికీ ఒక కోడు కింద అట్టముక్క మడిచి పెట్టుకుంటున్నాం.

ఇప్పుడు 20 ఏళ్ల లోను, 8 శాతం వడ్డీ. తీసుకున్నదానికి రెట్టింపు కడతానని తెలిసే సంతకం పెట్టాను. అయినా రాత్రి నిద్ర పడుతోంది. బ్రిటన్‌లో 1980 చట్టం కౌన్సిల్ ఇళ్లలో, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్లలో, ఉన్నవాళ్లకి ఆ ఇంటినే తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కిచ్చింది. మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింపు. జీవితంలో ఇల్లు కొంటామని అనుకోని కుటుంబాలు కొన్నాయి. అది తప్పెలా అవుతుంది?

మూడో అంతస్తు
మీరు పడ్డ కష్టం అద్దె వల్ల కాదండీ, ఓనర్ ఎప్పుడంటే అప్పుడు పొమ్మనగలగడం వల్ల. వియన్నా మునిసిపల్ ఇళ్ల కాంట్రాక్టుకి గడువే ఉండదు.

బ్రిటన్‌లో కొన్న కుటుంబాలకి మేలు జరిగింది, ఒప్పుకుంటాను. వాళ్ల తర్వాత వచ్చినవాళ్ల సంగతి చూడండి. అమ్మకం డబ్బుని కొత్త ఇళ్లకి ఖర్చు చేయకుండా స్థానిక కౌన్సిళ్ల మీద ఆంక్షలు పెట్టారు. ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు 20 లక్షల ఇళ్లు అమ్ముడుపోయాయి, బదులు కట్టినవి చాలా తక్కువ. అమ్మినవాటిలో చాలా ఇళ్లు చేతులు మారి ప్రైవేటు అద్దెకి తిరుగుతున్నాయి. అద్దె కట్టలేని వాళ్లకి మళ్లీ ప్రభుత్వమే సాయం ఇస్తోంది. తను కట్టిన ఇంటికే తను అద్దె కట్టినట్టు! స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కుని ఎత్తేశాయి.

పునాది
ఇద్దరూ భూమిని వదిలేశారు. ఇటుకా సిమెంటూ ఎక్కడైనా ఒకలాగే పాతబడతాయి. పెరిగేది స్థలం రేటు. సింగపూర్ 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టింది, 1966లో భూసేకరణ చట్టం తెచ్చి స్థలాన్ని తన చేతిలోకి తీసుకుంది, ఫ్లాట్లు 99 ఏళ్ల లీజుకి అమ్మింది. కొన్నవాళ్లు సాధారణంగా కనీసం ఐదేళ్లు అందులో ఉంటేగానీ తిరిగి అమ్మకూడదు. అంటే సొంతమూ ఉంది, ప్రభుత్వ పట్టూ ఉంది. చిక్కల్లా లీజు తరిగేకొద్దీ ఇంటి విలువ ఏమవుతుందనే. అక్కడి పాత ఫ్లాట్ల వాళ్లకి ఇప్పుడున్న టెన్షన్ అదే.

రెండు గదులు
అసలు కట్టనిస్తున్నారా? న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ నగరం 2016లో నిబంధనలు సడలించి, ఒక్క ఇల్లే ఉన్న స్థలంలో ఒకటికి మించి కట్టుకోనిచ్చింది. అనుమతులు బాగా పెరిగాయి. ప్రైవేటు వాళ్లు కట్టే ఇల్లు కూడా ఇల్లే కదా.

కిస్తీల మనిషి
మూడో అంతస్తు గారూ, ఒక్కటి చెప్పండి. మీరనే అద్దె ఇల్లు నాకెప్పుడు దొరుకుతుంది? స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో అద్దె ఇంటి కోసం క్యూలో పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూస్తారు. లోపలున్నవాళ్లకి స్వర్గమే, బయటున్నవాళ్ల గతేంటి?

మూడో అంతస్తు
నిజం. వియన్నాలో కూడా దరఖాస్తు చేయాలంటే రెండేళ్లు అక్కడే ఉండి ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లకి ప్రైవేటు అద్దే దిక్కు. అందుకే రెండు గదులు గారి మాట కాదనను, కట్టడం ఆగకూడదు. నా పట్టు ఒక్కటే: ప్రజల డబ్బు పడిన ఇల్లు ఒకసారి అమ్మేశాక మార్కెట్లో కలిసిపోకూడదు.

అమెరికాలో బర్లింగ్టన్ అనే ఊళ్లో 1984 నుంచి ఒక పద్ధతి ఉంది. స్థలం ట్రస్టుది, ఇల్లు కొన్నవాళ్లది. అమ్మేటప్పుడు పెరిగిన విలువలో నాలుగో వంతు వాళ్లకి వస్తుంది, మిగతాది ఇంట్లోనే ఉండిపోతుంది. కాబట్టి తర్వాత కొనేవాళ్లకీ తక్కువకే దొరుకుతుంది. మీరైతే ఒప్పుకుంటారా?

కిస్తీల మనిషి
ఖాళీ చేయమనే మనిషి లేకపోతే నాలుగో వంతుకి నేను సిద్ధమే. లాభం చూసుకుని కొనలేదు నేను. కానీ నేను మార్పించిన పైపులు, వేయించిన టైల్స్ ఖర్చు అమ్మే రోజు లెక్కలోకి రావాలి. అది ముందే కాగితం మీద రాయాలి, మాట చాలదు.