గదిలో అదిరిన టోన్ బ్యాండ్‌లో ఎటు పోతోంది?

అందరికీ నమస్కారం. నాది మూడు సింగిల్ కాయిల్ పికప్‌ల ఎలక్ట్రిక్ గిటార్ (పికప్ అంటే తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం, సింగిల్ కాయిల్ అంటే అందులో ఒకే తీగచుట్ట), 20 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్. ఇంట్లో గెయిన్ (మోతను గరుకుగా చేసే నాబ్) 8, మిడ్ (మధ్యస్థాయి స్వరాల నాబ్) 2 పెట్టి వాయిస్తే ఒళ్లు పులకరిస్తుంది. డ్రమ్స్, బేస్ తోడవగానే నా గిటార్ నాకే వినబడదు. మిడ్ 6కి పెంచి, గెయిన్ సగానికి దించా. ఇప్పుడు వినబడుతోంది గానీ, ఒంటరిగా వింటే రేకు డబ్బా మోతే!

ఇంకో తలనొప్పి, గుర్రుమనే హమ్. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. పికప్‌లు ఎంచుకునే స్విచ్ 2, 4 పొజిషన్లలో (రెండేసి పికప్‌లు కలిసి పలికేవి) మాత్రం దాదాపు ఉండదు. ఇది సింగిల్ కాయిల్ జాతి లక్షణమా, మా పాత ఇంటి ఎర్తింగ్ లోపమా? హంబకర్ (హమ్ తగ్గించే జంట కాయిల్ పికప్) వేయించనా, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవనా? ట్యూబ్ యాంప్ కొనమని మాత్రం అనకండి, ఇంట్లో గెంటేస్తారు.