పాత టర్బో ఇంజన్‌కి నాక్ సెన్సర్: అవసరమా, దండగా?

పాతబండి:
నాది డిస్ట్రిబ్యూటర్‌తో నడిచే 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. నాక్‌ని (సిలిండర్‌లో మిశ్రమం దానంతటదే పేలి టింగుమని కొట్టడాన్ని) పసిగట్టే సెన్సర్ కంపెనీ నుంచే లేదు. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) 0.5 బార్ నుంచి 0.8కి పెంచాలని ఉంది. బ్లాక్‌కి సెన్సర్ బిగించి, నాక్ తగలగానే స్పార్క్ టైమింగ్ దానంతటదే వెనక్కి జరిపే బాక్స్ ఒకటి పెడదామనుకుంటున్నా. మెకానిక్‌ని అడిగితే "చెవులున్నాయిగా సార్" అంటాడు. మీరేమంటారు?

స్పానర్:
చెవులా! ఫుల్ థ్రాటిల్‌లో ఎగ్జాస్ట్ మోత, గాలి హోరు. అందులో టింగు టింగు వినపడేసరికి పిస్టన్ రింగుల మధ్య గట్టు చిట్లిపోయి ఉంటుంది. 1980ల్లోనే సాబ్ కార్ల కంపెనీ వాళ్ల ఏపీసీ అనే సిస్టమ్ నాక్ పసిగట్టి బూస్ట్ తగ్గించేది. నలభై ఏళ్ల నాటి పనికి ఇంత ఆలోచనెందుకు? పెట్టేయండి.

నిదానం:
స్పానర్ గారూ, మీరు చెప్పిన ఏపీసీ బూస్ట్ తగ్గించేది. ఈయన టైమింగ్ వెనక్కి లాగుతానంటున్నారు. రెండూ ఒకటి కాదు. టైమింగ్ వెనక్కి పోతే మంట ఆలస్యంగా మండి, ఆ వేడంతా ఎగ్జాస్ట్‌లోకి, అక్కణ్ణుంచి టర్బైన్ మీదికి పోతుంది.

నాకిది అనుభవమే. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అవి సిలిండర్ గోడకి కొట్టుకునే చప్పుడునే బాక్స్ నాక్ అనుకుంది. టైమింగ్ వెనక్కి లాగుతూనే పోయింది. బండి ఎద్దుబండిలా తయారైంది, మానిఫోల్డ్ నిప్పుకణికలా ఎర్రబడింది. విప్పి చూస్తే సెన్సర్ కింద స్ప్రింగ్ వాషర్, దాని కింద పెయింట్! గీకి, లోహం మీద నేరుగా పెట్టి, టార్క్ రెంచ్‌తో 20 న్యూటన్ మీటర్లకి బిగించాక సిగ్నల్ కాస్త మనుషుల్లో పడింది.

స్పానర్:
అది బిగించినవాడి తప్పు. సెన్సర్‌నెందుకు తిడతారు?

నిదానం:
సెన్సర్‌ని తిట్టట్లేదండీ. స్టీరింగ్ దాని చేతికివ్వొద్దంటున్నా, అంతే.

పాతబండి:
బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 86 మిల్లీమీటర్లు. ఎంత ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేయాలి?

నిదానం:
1800ని పై (3.14) తోనూ, మిల్లీమీటర్లలో బోర్ తోనూ భాగించండి. మీకు దాదాపు 6.7 కిలోహెర్ట్జ్. ఇది మొదలుపెట్టడానికి అంచనా మాత్రమే. అక్కడ వాల్వుల గోల ఎక్కువుంటే దానికి రెట్టింపు దగ్గర వినండి. పిస్టన్ పైకొచ్చి దిగడం మొదలెట్టిన కాసేపే బాక్స్ వినాలి, మిగతా సమయమంతా చెవులు మూసుకోవాలి. ఆర్‌పీఎం పెరిగే కొద్దీ మామూలు చప్పుడూ పెరుగుతుంది కాబట్టి నాక్ అని లెక్కగట్టే హద్దు కూడా పెంచుతూ పోవాలి. ఇవి చేయలేని బాక్స్ అయితే కొనకండి.

కొత్తకుర్రాడు:
అన్నా, బ్లాక్‌కి రాగి గొట్టం బిగించి రబ్బరు ట్యూబుతో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటారట కదా?

నిదానం:
ట్యూనింగ్ రోజున బంగారం తమ్ముడూ. రోజూ అలా తిరగలేం.

పాతబండి:
సరే, ముందు సెన్సర్, హెచ్చరిక లైటు మాత్రమే. లైటు వెలిగితే కాలు తీసేస్తా. బూస్ట్ ఇప్పటికి 0.5 దగ్గరే. బ్లాక్ మీద 2, 3 సిలిండర్ల మధ్య పెయింట్ కింద వాడని ఎం8 (8 మిల్లీమీటర్ల బోల్టు) రంధ్రం ఒకటి కనిపించింది.

స్పానర్:
అది నీళ్ల జాకెట్‌లోకి (సిలిండర్ల చుట్టూ కూలెంట్ తిరిగే చోటులోకి) తెరుచుకుని ఉందేమో ముందు చూడండి. పొడుగు బోల్టు మాత్రం దూర్చకండి.