వృద్ధాశ్రమం ఆయాలకు పెద్దవాళ్ల ప్రవర్తన మీద ట్రైనింగ్: ఏం నేర్పాలి, ఎట్ల నేర్పాలి?

హన్మకొండ_సూపర్‌వైజర్ అడిగింది:

నమస్తే. మా ఆశ్రమంలో 36 మంది ఉంటరు, అందులో పదిమంది దాకా మతిమరుపు జబ్బువాళ్లు. పగలు ఆరుగురు ఆయాలు, రాత్రి ఇద్దరు, ఒక నర్సమ్మ. ఆయాల్లో సగం మందికి రాయడం సరిగ్గ రాదు, కాని పని మనసు పెట్టి చేస్తరు. ఇబ్బందులు ఇవి: స్నానానికి తీస్కపోతే తిట్టుడు, గిచ్చుడు. సాయంత్రం కాంగనే గేటు పట్టుకొని "ఇంటికి పోత" అని లొల్లి. "నా పైసలు ఆయమ్మ తీసింది" అని రోజూ పంచాయతీ. రాత్రి డ్యూటీవాళ్లు నిద్ర గోలీలు ఇప్పించమంటున్నరు, లేదంటే మంచానికి కట్టేస్తమంటున్నరు. హైదరాబాద్ నుంచి ఎవరినన్న పిలిచి ఒకరోజు క్లాసు పెట్టిస్తే సరిపోతదా? ఏది ముందు నేర్పాలి?

సైకియాట్రీ_నర్స్_ట్యూటర్:

మేడం, ఒకరోజు క్లాసుకు పైసలు పెట్టకండి. తెర మీద మెదడు బొమ్మ చూసి ఇంటికి పోతరు, తెల్లారి బాత్రూంల అదే గిచ్చుడు. షిఫ్టు మారేటప్పుడు 20 నిమిషాలు, వారానికి రెండుసార్లు, ఒకసారికి ఒక్క సంగతే చెప్పండి. రాత్రివాళ్లకు వాళ్ల డ్యూటీ మొదట్లనే విడిగా చెప్పాలె. పగటి క్లాసుకు రమ్మంటే నిద్ర ఆపుకొని కూర్చుంటరు, ఏదీ తలకెక్కదు. అమెరికాల నర్సింగ్ హోం ఆయాలకు ఏడాదికి కనీసం 12 గంటల శిక్షణ ఉండాలని రూలు. అది మనకు వర్తించదు గని కొలతకు పనికొస్తది. వారానికి 40 నిమిషాలంటే ఏడాదికి 34 గంటలు దాటుతది.

మొదటి పాఠం నోటుబుక్కు. మూడు గీతల నడుమ మూడు మాటలు: అంతకుముందు ఏం జరిగింది, అవ్వ ఏం చేసింది, తర్వాత మనం ఏం చేసినం. "మొండి చేసింది", "పిచ్చిగ చేసింది" అని రాస్తే ఒప్పుకోవద్దు. "పొద్దున 6:30, చల్లటి నీళ్లు, తల మీద చెంబు పోయంగనే చెయ్యి గిచ్చింది" అని రాస్తే అందులనే జవాబు కనబడుతది. రాయరానివాళ్లు ఫోన్‌ల మాట రికార్డు చేస్తే నర్సమ్మ ఎక్కించుకోవాలె. వారం రోజులు ఏమీ మార్చకుండ రాసుడే. మధ్యల మార్పులు మొదలువెడితే ఏది దేనివల్ల అయిందో తెలువదు.

రెండోది, ఒక్కొక్కరికి ఒక పేజీ బతుకు కథ. ఊరు, చేసిన పని, ఏమని పిలిస్తే పలుకుతరు, స్నానం ఎప్పుడు చేసేటోళ్లు, దేనికి భయం. ఆజంజాహి మిల్లుల పనిచేసిన తాత నడిరాత్రి లేచి చెప్పులు వెతుకుతున్నడంటే పారిపోతున్నట్టు కాదు, షిఫ్టుకు పోతున్నడు. "ఇయ్యాల సెలవు బాపూ, కూసో, చాయ్ తాగుదాం" అంటే కూసుంటడు. "మిల్లు ఎప్పుడో మూసిండ్రు" అంటే కొట్లాట. ఏండ్లకేండ్లు బీడీలు చుట్టిన అవ్వ ఒడిల కొంగు చుడుతుంటే ఆపొద్దు, చిన్న బట్టముక్కలు, బుట్ట ఇయ్యండి. ఈ పేజీ ఇంటివాళ్లతోటి చేర్పించిన రోజే నింపించాలె, తర్వాత ఎవరూ నింపరు.

స్నానం మీద మూడు క్లాసులన్న పెట్టండి, ఎక్కువ దెబ్బలు తగిలేది అక్కడే. ముందే బాత్రూంల లైటు వేయాలె, కాళ్లకు రబ్బరున్న స్టూలు పెట్టాలె, నీళ్లు మణికట్టు లోపల పోసుకొని చూడాలె. భుజాల మీద తువ్వాల ఉంచే స్నానం చేయించొచ్చు. బట్టలన్నీ విప్పితే సిగ్గుతో తిరగబడుతరు. నీళ్లు పాదాల నుంచి మొదలు, మోకాళ్లు, చేతులు, వీపు. తల ఆఖరికి, లేకుంటే వేరే రోజు. చెంబు అవ్వ చేతికే ఇచ్చి మనం చెయ్యి కలిపితే సగం భయం పోతది. ఒద్దంటే లాగొద్దు, అరగంట ఆగి మళ్లీ అడగాలె. అప్పటికీ ఒద్దంటే ఆ రోజుకు తడిబట్టతోటి ముఖం, చంకలు, గజ్జలు తుడిస్తే చాలు. చెయ్యి పట్టుకుంటే ఎదురు గుంజొద్దు, కదలకుండ ఉండి ఆమె బొటనవేలు వైపు నుంచి మెల్లగ విడిపించుకోవాలె. ఎప్పుడూ పక్కకు నిలబడాలె, ఆమెకూ తలుపుకూ అడ్డంగ కాదు.

ఇవన్నీ నోటితోటి చెప్తే రావు. ఒక ఆయాను స్టూలు మీద కూసోబెట్టి, చెప్పకుండ వెనుక నుంచి చెంబెడు నీళ్లు పోయించండి. ఉలిక్కిపడుడు ఏందో ఆమెకే తెలుస్తది. అప్పుడు సరైన పద్ధతి చేసి చూపించండి.

కాజీపేట_ఫిజిషియన్:

పై జవాబు బాగుంది. అయితే దానికంటే ముందు నేర్పాల్సింది ఒకటుంది. నెలల తరబడి ఉన్న ప్రవర్తన వేరు, నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందంటే వేరు. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే అది డెలీరియం (ఉన్నట్టుండి మతి తప్పడం) అనుకోవాలి, కారణం ఒంట్లో ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, నొప్పి, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు తక్కువ తాగడమే చాలామందిని ఇందులోకి నెడుతుంది. ఆయా చేయాల్సిన పరీక్ష చిన్నది: శనివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి. నిన్న చెప్పిన మనిషి ఇవాళ మధ్యలో దారి తప్పితే వెంటనే నర్సుకు చెప్పాలి. నర్సు జ్వరం, బీపీ, నాడి, ఆక్సిజన్, షుగర్ చూసి, విరేచనమై ఎన్ని రోజులైందో కనుక్కుని డాక్టరుకు ఫోన్ చేయాలి. షుగర్ 70 కంటే తక్కువుండి మింగగలిగితే ఆగకుండా చక్కెర నీళ్లు ఇవ్వాలి. లొల్లి చేసేవాళ్లను అందరూ గమనిస్తారు. ఉన్నట్టుండి మబ్బుగా పడుకుని, పిలిస్తే ఆలస్యంగా పలికే మనిషిదీ డెలీరియమే. "ఇవాళ బుద్ధిగా ఉంది" అనుకుని వదిలేస్తారు, అక్కడే ప్రాణం మీదికొస్తుంది.

నిద్ర గోలీల సంగతి. అల్ప్రాజోలం ఇస్తే మత్తులో లేచి పడతారు, తుంటి విరుగుతుంది. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ కూడా మతి తప్పిస్తుంది. లొల్లి తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బుల మందులు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో మరణాలు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందులకు, 2008లో పాతవాటికి హెచ్చరిక పెట్టించింది. మతిమరుపు జబ్బుల్లో ఒక రకమైన లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్లకు హాలోపెరిడాల్ ఒళ్లు బిగదీసేస్తుంది. ఎప్పుడూ వాడకూడదని అనడం లేదు. సైకియాట్రిస్ట్ చూసి రాయాలి, ఎప్పుడు ఆపాలో కూడా రాయించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి.

మన జిల్లాలకు ప్రత్యేకమైనది ఇంకొకటి: కల్లు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగే మనిషి ఆశ్రమంలో చేరి ఒక్కసారి మానేస్తే మొదటి వారంలో వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడటం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం రావచ్చు. అది మొండితనం కాదు, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన స్థితి. చేరేటప్పుడే కల్లు, గుడుంబా అలవాటు సూటిగా అడిగి రాసుకోండి.

కట్టేయడం పూర్తిగా ఆపించండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మానసిక ఆస్పత్రిలో కూడా, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్ట్ అనుమతితోనే కట్టాలి. సిబ్బంది తక్కువ ఉన్నారన్నది కారణం కాదని అందులో స్పష్టంగా ఉంది. చీరతో కట్టిన మనిషి జారితే అదే మెడకు ఉరవుతుంది.

సంరక్షణ_కరీంనగర్:

సాయంత్రం గేటు లొల్లికి ఒక్క ప్రశ్న: మీ ఆయాలు డ్యూటీ దిగి ఏ గేటు నుంచి పోతరు? చేతిల సంచి, కాళ్లకు చెప్పులు, "పోయొస్త" అనుకుంట అందరి ముందు నుంచి పోతే, చూసినవాళ్లకు మేమూ ఇంటికి పోవాలనిపిస్తది. వెనుక తలుపు నుంచి పంపండి. చీకటి పడకముందే, 5 గంటలకల్లా లైట్లన్నీ వేయండి, కరెంటు పోతే హాలు లైటు ఇన్వర్టర్ మీద ఉండాలె. ఆ గంట టీవీ వార్తలు బంద్. చేతులకు పని ఇయ్యండి: చిక్కుడుకాయ ఒలుచుడు, బట్టలు మడతపెట్టుడు. గేటు దాకా వచ్చిన అవ్వకు ఎదురు చెప్పొద్దు, ఆమెతోటి నాలుగు అడుగులు నడిచి "మీ ఇంటి ముంగట ఏం చెట్టుండె అవ్వా?" అని అడిగి, మాటల్ల మెల్లగ మళ్లించాలె. "మీ ఆయన పోయి పదేండ్లయింది" అని గుర్తుచేస్తే ప్రతిసారి ఆమెకు అది కొత్త చావే.

పైసలు పోయినయన్నప్పుడు "నేను తీయలే" అనుడు మొదలువెడితే అయిపోయినట్టే. "అయ్యో, పోయినయా, పా ఎతుకుదాం" అనాలె. చాలామంది దిండు గలేబుల, చీర మడతల, బియ్యం డబ్బల దాచి మర్చిపోతరు. ఎవరు ఎక్కడ దాస్తరో నోటుబుక్కుల రాసుకోండి. చిల్లర ఉన్న చిన్న సంచి ఆమె నడుముకే ఉంటే ఇంకా మంచిది. అయితే అన్ని ఆరోపణలు జబ్బు మీద తోసేయొద్దు, ఒక్కసారి మీరు నిజంగనే చూడాలె.

లొల్లి చేయనివాళ్లను మర్చిపోవద్దు. రెండు వారాలు సరిగ్గ తినకుండ, ఎవరితోటి మాట్లాడకుండ గోడకు తిరిగి పండుకునే తాతకు దిగులు జబ్బు ఉండొచ్చు. "నన్ను తీస్కపో దేవుడా" అంటే "అట్లనొద్దు" అని ఊకోబెట్టకుండ, "చచ్చిపోవాలనిపిస్తున్నదా? ఏమన్న చేసుకోవాలనుకున్నరా?" అని సూటిగ అడగమనండి. అడిగితే ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగ వదలొద్దు, ఫినాయిల్, మందులు తాళంల ఉండాలె, వెంటనే డాక్టరుకు చెప్పాలె. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళనన్న ఫోన్ చేయొచ్చు, తెలుగుల మాట్లాడుతరు.

హన్మకొండ_సూపర్‌వైజర్:

అందరికీ దండాలు. సోమవారం నుంచి నోటుబుక్కు మొదలువెడుత. ఆయాలు రెండు మూడు నెలలకు మారిపోతుంటరు, కొత్తవాళ్లను ఎట్ల కలపాలె?

సైకియాట్రీ_నర్స్_ట్యూటర్:

కొత్తామె మొదటి మూడు రోజులు ఒంటరిగ ఎవరికీ స్నానం చేయించొద్దు, పాత ఆయాకు జోడీగనే ఉండాలె. మొదటి రోజు చూసుడు, రెండో రోజు చెయ్యి కలుపుడు, మూడో రోజు ఆమె చేస్తుంటే పాతామె చూసుడు. ఆ మూడు రోజుల్ల తన వార్డులవాళ్ల బతుకు పేజీలు ఎవరన్న చదివి వినిపించాలె. నేర్పే పాతామెకు జీతంల కొంచెం కలపండి, లేకుంటే అది అదనపు చాకిరీ అనుకుంటది. పని అయ్యిందో లేదో నెలకొకసారి నోటుబుక్కులనే లెక్కపెట్టండి: ఎన్ని గిచ్చుళ్లు, ఎన్ని పడుడులు, ఎన్ని నిద్ర గోలీలు. మొదటి నెల లెక్క పెరిగితే బెదరకండి, ఇంతకుముందు రాయనివి ఇప్పుడు రాస్తున్నరు.