కంపెనీలో గవర్నమెంట్ రిలేషన్స్ ఉద్యోగం: నల్లగొండ లాయర్ చేరొచ్చా?

మునుగోడు లాయర్:
అందరికీ నమస్తే. నల్లగొండలో ప్రాక్టీస్ చేస్తున్నాను, ఎక్కువగా భూమి కేసులే. హైదరాబాద్‌లో ఒక కంపెనీ గవర్నమెంట్ రిలేషన్స్ విభాగంలోకి రమ్మంటోంది. అనుమతులు, జీవోలు చూసుకోవడం, సెక్రటేరియట్‌లో అధికారులకు కంపెనీ వాదన వినిపించడం పని. జీతానికీ ఇప్పుడొచ్చే ఫీజులకూ పొంతనే లేదు. మా నాన్న మాత్రం "పైరవీకారు అంటరు బిడ్డా" అంటున్నాడు. ఇంకో ఆశ కూడా ఉంది. మర్రిగూడ వైపు మా అమ్మమ్మ ఊళ్లో నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయినవాళ్లను చూస్తూ పెరిగాను, చేతికి నాలుగు డబ్బులొస్తే ఊరికి ఏదన్నా చేయాలని ఉంది. ఈ ఉద్యోగంలో ఉంటూ అది కుదురుతుందా? నా సనదు (లాయర్‌గా ప్రాక్టీస్ చేసే లైసెన్స్) సంగతేంటి?

హైకోర్టు అన్న:
తమ్మీ, ముందు సనదు సంగతి తేల్చుకో. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 49 ప్రకారం ఫుల్‌టైమ్ జీతానికి చేరితే ప్రాక్టీస్ ఆపేసి, ఆ సంగతి స్టేట్ బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలి. రెండు పడవల మీద కాళ్లు వద్దు. రిటైనర్ మీద, అంటే ఉద్యోగిగా కాకుండా ఫీజు తీసుకునే సలహాదారుగా ఉంటే గౌను వదలక్కర్లేదు, డబ్బు తక్కువైనా నేనైతే అదే అడుగుతాను.

ఇక పైరవీ మాట. అమెరికాలో లాబీయింగ్‌కు, అంటే ఇతరుల తరఫున ప్రభుత్వం దగ్గర మాట్లాడే పనికి, 1995 నాటి చట్టం ఉంది, ఎవరి తరఫున ఏ విషయం మీద పనిచేస్తున్నారో రిజిస్టర్ చేసుకుని రిపోర్టులు ఇవ్వాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు, కాబట్టి గీత నువ్వే గీసుకోవాలి. వాదన కాగితం మీద పెట్టి, ఆఫీసు ఇన్‌వార్డులో (కాగితాలు తీసుకుని నమోదు చేసే చోట) ఇచ్చి, అధికారికి వివరించడం లాయర్ పనే. ఫలానా సారు తెలుసు, లంచంతోనో పలుకుబడితోనో పని చేయిస్తా అని డబ్బు తీసుకుంటే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7ఎ ఉంది, 2018 సవరణలో వచ్చింది, 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఎవరిని కలిసినా ఏం మాట్లాడానో మినిట్స్ రాసి ఫైల్‌లో పెడతానని కంపెనీకి చెప్పి చూడు. నసిగారంటే చేరకు.

పాలమూరు టీచర్:
సంపాదించాక ఊరికి చేస్తానంటే నేనొప్పుకోను. మా మండలంలో ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద నీళ్ల ప్లాంట్ పెట్టింది. నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పాడైతే ఎవరు మార్చాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు షట్టర్‌కు తాళం, ముందర వడ్లు ఆరబోసుకుంటున్నారు. ఒప్పందంలో ఒక్క పేరా పెట్టించే లాయర్ ఉంటే చాలేది.

మీ వైపు మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చాయి సరే, వంగిన ఎముకలు నీళ్లు మారితే సాపు కావు కదా. వాళ్లకు కావాల్సింది వైకల్యం ఎంత శాతమో చూపే ప్రభుత్వ సర్టిఫికెట్ (ఊళ్లలో సదరం అంటారు), 40 శాతం ఉంటేనే పింఛను. మా బంధువు ఒకాయనకు చేతులు భుజం దాకా లేవవు, అంగీ గుండీలు కూడా భార్యే పెట్టాలి. అయినా శాతం తక్కువ వేశారు, మళ్లీ రాసిపెట్టేవాళ్లు లేక వదిలేశాడు. నెలకో ఆదివారం పంచాయతీ దగ్గర కూర్చుని ఇలాంటి అర్జీలు రాసివ్వండి, దానికి సనదు కూడా అక్కర్లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 1987 చట్టం సెక్షన్ 12. ఊళ్లలో ఎంతమందికి తెలుసు ఈ ముక్క?

దామరచర్ల:
అంతా బాగుంది, కానీ రేపు ఆ కంపెనీ మన జిల్లాలోనే ఫ్యాక్టరీ పెడతానంటే? ప్రజాభిప్రాయ సేకరణలో మీరు కంపెనీ వైపు కూర్చుంటారు, ఎదురుగా మీరు అర్జీ రాసిచ్చిన ముసలాయన ఉంటాడు. ఆయన నోరు తెరవగలడా? లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనులకు 2003లో జనం ఎదురు నిలబడగలిగారంటే ఎవరి మొహమాటమూ లేకనే. నల్లగొండ జిల్లా పనులు ముట్టనని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. బడికో లైబ్రరీకో ఇస్తే సొంత జీతంలోంచి ఇవ్వండి, బోర్డు మీద కంపెనీ పేరు వద్దు.

మునుగోడు లాయర్:
థాంక్స్ అందరికీ. రిటైనర్, జిల్లా మినహాయింపు రెండూ అడుగుతాను. వాళ్లు కాదన్నా అర్జీల పని మాత్రం మొదలుపెడతాను. టీచర్ గారూ, మీ బంధువు అప్పీల్ చేసుకున్నారా?

పాలమూరు టీచర్:
లేదండి, అప్పీల్ ఉందనే ఆయనకు తెలియదు.

మునుగోడు లాయర్:
ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 59. సర్టిఫికెట్, ఎక్స్‌రేల ఫొటోలు మెసేజ్‌లో పెట్టండి, రాసి పంపుతాను.